గడ్డానికి కుడివైపు దెబ్బ తగిలితే ఎడమ చెవి దగ్గర ఎముక ఎలా విరిగింది?

గుణుపురం నుంచి ఒకాయన అడిగారు. ఇరవై ఆరేళ్ల తమ్ముడు రాత్రిపూట బండి మీద ఇంటికి వస్తుంటే గేదె అడ్డం వచ్చింది, పడ్డాడు. గడ్డం కింద కుడివైపు చిట్లితే దగ్గర్లోనే మూడు కుట్లు వేయించారు. మూడో రోజుకి కూడా పళ్లు సరిగ్గా కలవడం లేదంటే స్కాన్ తీయించారు. గడ్డం పక్కన కుడివైపు ఒక ఫ్రాక్చర్, ఎడమ చెవి ముందు ఇంకో ఫ్రాక్చర్ అని రిపోర్టు వచ్చింది. ఆయన అనుమానాలు మూడు. దెబ్బ తగలని చోట ఎముక ఎలా విరుగుతుంది, బిల్లు పెంచడానికి రెండు అంటున్నారా? కింది పెదవి కుడి సగం మొద్దుబారింది, ఇది పక్షవాతమా? పళ్లు తీగలతో కట్టేస్తామంటున్నారు, దానికి బదులు నాటు కట్టు కట్టించుకోకూడదా?

ముందు టెన్షన్ తగ్గే మాట చెప్పేస్తాను. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. గడ్డం మీద అంత దెబ్బ తగిలాక "ఒక్కచోటే విరిగింది" అని చెప్పి ఉంటే నేను ఆ రిపోర్టును ఇంకోసారి చూడమనేవాణ్ణి.

నేను పర్లాకిమిడిలో ఇరవై ఎనిమిదేళ్లుగా పళ్ల డాక్టరుని. సగం మంది పాతపట్నం వైపు నుంచి వస్తారు, మిగతావాళ్లు కాశీనగరం, మీ గుణుపురం, కొండమీది సవర గూడేల వాళ్లు. ఒకే నోటి గురించి పొద్దున్న తెలుగులో, మధ్యాహ్నం ఒడియాలో చెప్పి, సాయంత్రం సవర ముసలమ్మకి సైగలతో చెబుతాను. సైగలతోనే బాగా అర్థమవుతుందని నాకో అనుమానం. ఎందుకంటే తెలుగులో ఈ ఎముక పేరే తకరారు. దవడ అంటే ఎముకా, చెంపా? "దవడ పగలగొడతా" అన్నప్పుడు మనం బెదిరిస్తున్నది చెంపని. గడ్డం అంటే ఒకసారి వెంట్రుకలు, ఒకసారి వాటి కింద ఎముక. మా వైపు దౌడ అంటాం, అది ఇంకా గజిబిజి. అందుకని ఇక్కడ నేను దవడ ఎముక అంటే కింది దవడ ఎముక అనే అనుకోండి. మీ రిపోర్టులో మాండిబుల్ అని ఉన్నది అదే.

మీ మొదటి ప్రశ్నకి నాకు అన్నిటికంటే మంచి జవాబు చెప్పింది ఏ ప్రొఫెసరూ కాదు, మా ఊరి కొమ్ము పనివాడు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు మీకు తెలిసే ఉంటాయి. గేదె కొమ్ము, ఆవు కొమ్ము కాచి, వంచి, చెక్కి దువ్వెనలు, కొంగలు, నెమళ్లు చేస్తారు. ఆయన పన్ను చూపించుకోవడానికి వచ్చినప్పుడు నా టేబుల్ మీది ప్లాస్టిక్ దవడ నమూనాని చేతిలోకి తీసుకుని, రెండు చివర్లూ పట్టుకుని కాస్త విప్పి చూశాడు. చెవి దగ్గర సన్నగా ఉన్న మెడలాంటి చోట వేలు పెట్టి, "ఇది ఇక్కడే కదా బాబూ విరుగుతాది?" అన్నాడు. ఎలా తెలిసిందంటే, "కొంగ బొమ్మ చెయ్యి జారితే పీఠం నేలకి తగుల్తాది, మెడ విరుగుతాది. దెబ్బ తగిలిన చోట కాదు, సన్నంగా ఉన్న చోట" అన్నాడు. నేను కాలేజీలో ఏడాదంతా చదివినదాన్ని ఆయన కుర్చీలో కూర్చుని అరనిమిషంలో చెప్పేశాడు.

దవడ ఎముక కర్రలాంటిది కాదు, వంపు తిరిగిన విల్లులాంటిది. చేతి ఎముకకి ఒక చివర దెబ్బ తగిలితే అవతలి చివర గాలిలో కదిలిపోతుంది. ఈ ఎముకకి ఆ వీలు లేదు. నడుమ గడ్డం ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, రెండు చివర్లూ రెండు చెవుల ముందు పుర్రె గుంటల్లో ఇరుక్కుని ఉంటాయి. పుర్రెతో కలిపి చూస్తే అది ఒక ఉంగరం. చేతి గాజుని ఒకచోట మాత్రమే విరగ్గొట్టడం ఎంత కష్టమో చూడండి, సాధారణంగా రెండు ముక్కలవుతుంది. ఇదీ అంతే. గడ్డానికి కుడివైపు తగిలిన బలం ఎముక పొడుగునా పాకి, అవతలి చివర ఎడమ మెడ మీద పడుతుంది. కుడివైపు గడ్డం పక్కన, ఎడమవైపు చెవి ముందు: మీ తమ్ముడికి అయినది మా పుస్తకాల్లో బొమ్మగీసి చూపించే జంట. సరిగ్గా గడ్డం నడిమధ్య పడితే నడుమ ఒకటి, రెండు చెవుల దగ్గరా చెరొకటి, మొత్తం మూడు చోట్ల విరగొచ్చు. దాన్ని గార్డ్స్‌మన్ ఫ్రాక్చర్ అంటారు, పెరేడ్‌లో కదలకుండా నిలబడి నిలబడి కళ్లు తిరిగి బోర్లా పడే సిపాయిల పేరు మీద. మా వైపు సిపాయిలు తక్కువ. మూర్ఛ వచ్చి పడినవాళ్లలో, జీలుగు చెట్టు మీద నుంచి జారినవాళ్లలో నేను దాన్ని చూశాను.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి మీ దవడ మీదే వేలు పెట్టి చూడండి. బొమ్మ కంటే ఇది నయం.

గడ్డం నడుమ మొదలుపెట్టండి. పుట్టినప్పుడు ఈ ఎముక ఒకటి కాదు, రెండు. కుడి సగం, ఎడమ సగం ఇక్కడే మెత్తటి అతుకుతో కలిసి ఉంటాయి, బిడ్డకి ఏడాది దాటి రెండో ఏడు వచ్చేలోగా ఎముకగా ఒకటైపోతాయి. తల్లి కడుపులో ఆరో వారంలోనే ఇది గట్టిపడడం మొదలవుతుంది. శరీరంలో దీనికంటే ముందు మొదలయ్యేది భుజం దగ్గరి కాలర్ ఎముక ఒక్కటే. ముందుకి పొడుచుకొచ్చిన ఈ గడ్డం మనిషికి మాత్రమే ఉంది, కోతులకి లేదు. 1907లో జర్మనీలో హైడెల్‌బర్గ్ దగ్గర మావర్ అనే ఊరి ఇసుక గుంటలో లక్షల ఏళ్ల నాటి ఆదిమానవుడి దవడ దొరికింది. పళ్లు అచ్చం మనవిలాగే, ఎముక మాత్రం ఎంతో లావు, గడ్డం అసలు లేదు. మనకెందుకు వచ్చిందో శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వచ్చినందుకు బోర్లా పడ్డప్పుడల్లా మొదటి దెబ్బ దానికే.

అక్కణ్ణుంచి కింది అంచు వెంబడి వెనక్కి రండి. పళ్లు గట్టిగా కొరికితే చెంప వెనక ఒక కండ ఉబుకుతుంది, మాసెటర్ దాని పేరు. ఆ కండ ముందు అంచు దగ్గర, ఎముక కింది అంచు మీద వేలు తేలిగ్గా ఆనించండి. నాడి కొట్టుకుంటుంది. ముఖానికి రక్తం తీసుకెళ్లే ధమని సరిగ్గా అక్కడే ఎముక మీదుగా పైకెక్కుతుంది. చెంప తెగి రక్తం ధారగా కారుతుంటే అక్కడ ఎముకకి నొక్కిపెట్టి ఆసుపత్రికి తేవచ్చు.

ఇంకా వెనక్కి వస్తే మూల తిరుగుతుంది. పెద్దవాళ్లలో ఆ మూల ఇంచుమించు 110 నుంచి 120 డిగ్రీలు. పసిపిల్లల్లో బాగా విప్పుకుని ఉంటుంది, పళ్లన్నీ ఊడిన ముసలివాళ్లలో మళ్లీ విప్పుకుంటుంది. మూల నుంచి పైకి లేచే వెడల్పాటి పలకని రేమస్ అంటారు. ఆ పలక పైన రెండు కొమ్ములుంటాయి. ముందు కొమ్ము పలచగా, కొసదేరి ఉంటుంది, పేరు కరోనాయిడ్. కణత మీద నాలుగు వేళ్లు పెట్టి పళ్లు కొరకండి, కదిలే కండ దాని మీదికే దిగుతుంది. చెరుకు ముక్క కొరికేది ప్రధానంగా ఆ కండా, మాసెటరూ కలిసి.

వెనక కొమ్ము మీ తమ్ముడి కథలో అసలు పాత్ర. చిటికెన వేలు చెవిలో పెట్టి, గోరు వెనక్కి ఉంచి, నోరు తెరిచి మూయండి. వేలికి ఒక గుండ్రటి తల తగిలి తప్పుకుంటుంది కదా, అదే కాండైల్. తల గుండ్రంగా, అడ్డంగా కాస్త పొడుగ్గా ఉంటుంది, దాని కింద మెడ సన్నంగా, ముందూ వెనకా నొక్కినట్టు పలచగా ఉంటుంది. మీ తమ్ముడికి విరిగింది ఆ మెడ దగ్గరే.

అంత సన్నగా ఎందుకుంది, లావుగా ఉంటే పోయేది కదా అంటారు. ఆ తల కూర్చునే గుంటకి పైన ఉన్నది మెదడు. గుంట పైకప్పు ఎంత పలచనంటే, ఎండిన పుర్రెని దీపానికి ఎదురుగా పట్టుకుంటే అక్కడ వెలుగు కనబడుతుంది. మెడ లావుగా ఉండి విరక్కపోతే గడ్డం మీది ప్రతి గుద్దూ తలని ఆ కప్పులోంచి పైకి దూర్చేసేది. అలా జరిగిన కేసులు ఉన్నాయి, చాలా అరుదు. ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఫ్యూజు పోయి టీవీని కాపాడినట్టు, మెడ విరిగి మెదడుని కాపాడుతుంది. మీ తమ్ముడికి ఫ్యూజు పోయింది.

ఆ కీలు పని కూడా వింతగా ఉంటుంది. నోరు కొంచెం తెరిచినంత వరకు తల ఉన్నచోటే తలుపు బందులా తిరుగుతుంది. ఇంకా పెద్దగా తెరిస్తే తల గుంటలోంచి ముందుకి, కిందికి జారుతుంది. మధ్యలో ఒక మెత్తటి బిళ్ల దానితోపాటు ప్రయాణం చేస్తుంది. ఆవలింతలో మరీ ముందుకి జారి ముందున్న గట్టు దాటిపోతే వెనక్కి రాలేదు, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. దవడ జారిందంటారే, అది. ఫ్రాక్చర్ కాదు. బొటనవేళ్లకి గుడ్డ చుట్టుకుని దవడ పళ్ల మీద పెట్టి కిందికి నొక్కి వెనక్కి తోస్తే టక్కున కూర్చుంటుంది. గుడ్డ చుట్టుకోకపోతే బొటనవేళ్ల సంగతి ఆ పేషెంటు పళ్లు చూసుకుంటాయి. మొదటి ఏడు నాకు ఆ అనుభవం అయింది.

నోరు తెరిచేటప్పుడు తలని ముందుకి లాగే కండ ఒకటి సరిగ్గా ఆ మెడకే అతుక్కుని ఉంటుంది. ఎడమ మెడ విరిగితే ఆ కండ విరిగిన తలని లాగుతుంది కానీ దవడని లాగలేదు. కుడివైపు కండ మాత్రం తన పని తాను చేస్తుంది. ఫలితం: నోరు తెరుస్తుంటే గడ్డం ఎడమకి, అంటే విరిగిన వైపుకి పోతుంది. విరిగిన వైపు పలక పొట్టిదై వెనక పళ్లు ముందుగా తగిలి, రెండోవైపు పళ్ల మధ్య సందు మిగులుతుంది. మీ తమ్ముడు "పళ్లు కలవడం లేదు" అన్నది అదే. ఎక్స్‌రే కంటే ముందు ఫ్రాక్చర్‌ని కనిపెట్టేది పేషెంటే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పళ్లకి తెలిసిపోతుంది. గడ్డం పగిలిన మనిషిని నేను అడిగే మొదటి ప్రశ్న నొప్పి ఎక్కడ అని కాదు, "పళ్లు ఎప్పటిలాగే కలుస్తున్నాయా?" అని.

ఆ ప్రశ్న అడగడం నాకు ఒక పాప నేర్పింది, ఆలస్యంగా. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు. ఆరేళ్ల పిల్ల, అరుగు మీంచి పడి గడ్డం చిట్లింది. వేరేచోట కుట్లు వేసి పంపారు, కుట్లు విప్పించుకోవడానికి నా దగ్గరికి తెచ్చారు. గాయం చక్కగా మానింది. కుట్లు విప్పాను, పిప్పరమెంటు ఇచ్చాను, పంపేశాను. నోరు తెరవమని అడగలేదు, చెవి ముందు వేలు పెట్టి చూడలేదు. అయిదేళ్ల తరవాత వాళ్లమ్మ మళ్లీ తీసుకొచ్చింది, అన్నం ముద్ద పట్టడం లేదని. ఒక వేలు దూరేంత మాత్రమే తెరుచుకుంటోంది. గడ్డం ఒకవైపుకి వాలి ఎదగలేదు. చిన్నప్పుడు పడ్డ దెబ్బకి చెవి దగ్గర తల నలిగి, పుర్రెతో అతుక్కుపోయింది. పిల్లల్లో దవడ ఎదుగుదలకి ఆ తల మీది మృదులాస్థి ముఖ్యం. అది దెబ్బతింటే ఆ వైపు దవడ పొట్టిగా ఉండిపోతుంది. ఆపరేషన్ చేయించారు, నోరు తెరుచుకుంది, ముఖం మాత్రం పూర్తిగా సరికాలేదు. తప్పు కుట్లు వేసినవాళ్లది ఎంతో నాదీ అంతే. పిల్లలకి గడ్డం పగిలితే కుట్లు పడ్డాయని ఊరుకోకండి. చెవి ముందు నొక్కి చూడండి. మూడు వేళ్లు నిలువుగా, పిల్ల వేళ్లే, మీవి కాదు, పళ్ల మధ్య పడుతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే వెంటనే చూపించాలి. పిల్లలకి నెలల తరబడి కట్టేసి ఉంచడం కంటే త్వరగా కదిలించడమే చాలా సందర్భాల్లో మందు.

ఇక గడ్డం పక్కన కుడి ఫ్రాక్చర్. అక్కడే ఎందుకంటే, దెబ్బ అక్కడ తగిలింది, ఎముక కూడా అక్కడ బలహీనం. పై అంచునిండా పళ్ల గుంటలే, పదహారు పళ్లకి పదహారు. అందులో కోరపన్ను వేరు అన్నిటికంటే పొడుగు, అంటే అక్కడ గుంట లోతు, ఎముక తక్కువ. అలాగే మూల దగ్గర జ్ఞానదంతం బయటికి రాకుండా ఎముకలోనే పడుకుని ఉంటే ఆ మూల గుల్లగా ఉన్నట్టే, గుద్దులాటల్లో ఎక్కువగా అక్కడే విరుగుతుంది. కింది అంచు మాత్రం గట్టి పెంకులా ఉంటుంది.

పెదవి మొద్దుబారడానికి కారణం ఈ ఫ్రాక్చరే. పక్షవాతం కాదు. పుర్రె కింద నుంచి ఒక నరం దిగి వస్తుంది. పైకి లేచిన ఆ పలకకి లోపలివైపు, ఇంచుమించు నడుమ ఒక రంధ్రం ఉంది, దాని ముందు చిన్న నాలుకలాంటి ఎముక రెక్క కాపలా. నరం ఆ రంధ్రంలో దూరి, ఎముక లోపల సొరంగంలో పళ్ల వేళ్ల కిందుగా ముందుకి వస్తుంది. దారిలో ప్రతి పంటికీ ఒక పోగు ఇస్తుంది. ముందు దవడ పళ్ల కింద ఇంకో చిన్న రంధ్రంలోంచి బయటికి వచ్చి గడ్డానికీ కింది పెదవికీ స్పర్శ ఇస్తుంది. కింది పన్ను పీకేటప్పుడు మేము ఇంజెక్షన్ ఇచ్చేది ముందు కాదు, వెనక ఆ పలక లోపలివైపు. సొరంగంలో దూరకముందే నరాన్ని పట్టుకుంటాం. అందుకే పన్ను వెనకది అయినా పెదవి మొద్దుబారుతుంది. 1884, 85 ప్రాంతంలో అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అనే సర్జన్ కొకైన్‌తో మొద్దుబార్చి చూసిన నరాల్లో ఇదీ ఒకటి. ఆ ప్రయోగాలు తన మీదా చేసుకుని చివరికి ఆ మందుకే బానిసయ్యాడు పాపం.

ఆ ముందు రంధ్రాన్ని మెంటల్ ఫొరామెన్ అంటారు. లాటిన్‌లో మెంటమ్ అంటే గడ్డం, మనసుకీ దీనికీ సంబంధం లేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "మెంటల్ నర్వ్ దెబ్బతింది" అని రాసిన కాగితం పట్టుకుని ఒక రైల్వే ఉద్యోగి నా మీదికి దెబ్బలాటకి వచ్చాడు. ఆఫీసులో చూపిస్తే ఉద్యోగం పోతుందని ఆయన భయం.

పక్షవాతం కాదని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తమ్ముణ్ణి నవ్వమనండి, ఈల వేసినట్టు పెదవులు ముడవమనండి. రెండు వైపులా సమానంగా కదిలితే కదిలించే నరం బాగున్నట్టు. అది వేరే నరం, ఎముక బయట, చర్మం కింద నుంచి వస్తుంది. పోయింది స్పర్శ ఒక్కటే. దూది కొస పెదవి మీద ఆనిస్తూ ఎక్కడిదాకా తెలియడం లేదో బాల్‌పెన్నుతో గీసి ఫోటో తీయండి, ఆపరేషన్‌కి ముందు ఒకటి, తరవాత నెలకొకటి. నరం సాగి నలిగినదైతే వారాల్లోనో నెలల్లోనో చీమలు పాకినట్టు మొదలై స్పర్శ తిరిగి వస్తుంది. తెగిపోయి ఉంటే కొంత మొద్దు మిగిలిపోవచ్చు. అందాకా వేడి టీ ఇచ్చేటప్పుడు జాగ్రత్త. పెదవి కాలినా వాడికి తెలియదు.

ఎముక లోపలివైపు గురించి ఒక్క మాట. గడ్డం వెనక చిన్న చిన్న ముళ్లలాంటి బొడిపెలు ఉంటాయి, నాలుకని ముందుకి పట్టి ఉంచే కండలు వాటికే కట్టి ఉంటాయి. గడ్డానికి రెండు పక్కలా విరిగి మధ్య ముక్క వదులైపోతే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. అలాంటి మనిషిని రోడ్డు మీద వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి ఆడక పోవచ్చు. మెడకి దెబ్బ లేదనిపిస్తే ముందుకి వంగి కూర్చోనివ్వాలి, స్పృహ లేకపోతే మెడ కదలకుండా పట్టుకుని ఒక పక్కకి తిప్పాలి. మీ తమ్ముడికి ఒకవైపే కాబట్టి ఆ గండం తప్పింది. అదే లోపలివైపు అడ్డంగా ఒక గట్టు ఉంటుంది, నోటి నేలలాంటి కండ దానికి కట్టి ఉంటుంది. వెనక దవడ పళ్ల వేళ్ల కొసలు ఆ గట్టు కిందికి దిగుతాయి. అందుకే పుచ్చిన వెనక పన్ను చీము నోట్లోకి రాకుండా మెడలోకి దిగుతుంది. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు వివరించిన ఆ జబ్బు మనుషుల్ని గంటల్లో ఊపిరాడకుండా చేస్తుంది. మెడ రాయిలా గట్టిపడి, నాలుక పైకి లేచి, మింగలేకపోతుంటే పంటి నొప్పి మాత్రలు వేసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు.

ఇక కట్టు సంగతి. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్లు లేరు, మన కొండ వైపూ ఆకు పసరుతో కట్టేవాళ్లున్నారు. వాళ్ల గురించి నేను వాదన పెట్టుకోను. దవడకి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. చేతికి కట్టే వెదురు బద్ద ఎముకకి రెండు పక్కలా ఆనుతుంది. ఇక్కడ బద్ద ఎక్కడ పెడతారు? రెండోది, పళ్లున్న చోట ఎముక విరిగితే చిగురు కూడా చీలుతుంది, అంటే ఆ ఫ్రాక్చర్ నోట్లోకి తెరుచుకునే ఉంది. నాలుక కింద నీలంగా రక్తం గూడుకట్టి ఉంటే అదే గుర్తు. అందులోకి ఉమ్మి, అన్నం, క్రిములు అన్నీ పోతాయి. యాంటీబయాటిక్ లేకుండా, కదలకుండా బిగించకుండా ఊరుకుంటే చీము పడుతుంది.

తీగలతో పళ్లు కట్టడం శిక్షలా కనిపిస్తుంది కానీ దానంత తెలివైన కట్టు ఇంకోటి లేదు. పై పళ్లు పుర్రెకి పాతుకుని ఉన్నాయి, కదలవు. కింది పళ్లని వాటితో పాత జతలో కలిపి కట్టేస్తే, విరిగిన ఎముక ముక్కలు తమంతట తామే పాత చోటుకి వచ్చి కూర్చుంటాయి. అంటే పై పళ్లే అచ్చు, అవే బద్ద. కుడివైపు ఫ్రాక్చర్‌కి చిన్న టైటానియం ప్లేట్లు వేస్తామంటారు. గడ్డం దగ్గర సాధారణంగా రెండు ప్లేట్లు వేస్తారు, ఎందుకంటే అక్కడ ఎముక మెలితిరగడానికి చూస్తుంది, ఒకటి ఆపలేదు. ప్లేట్లు నోటి లోపలి నుంచే వేయొచ్చు, బయట గీత పడదు. ఎడమ మెడని కోసి ప్లేటు వేయాలా, రబ్బరు బ్యాండ్లతో కొన్నాళ్లు పట్టి ఉంచి తరవాత వ్యాయామం చేయించాలా అన్నది ముక్క ఎంత వంగిందీ, పలక ఎంత పొట్టిదైందీ చూసి సర్జన్ చెప్పాలి. ముఖం కదిలించే నరం ఆ మెడకి దగ్గరగానే పోతుంది కాబట్టి అక్కడ కత్తి పెట్టడానికి అందరూ తొందరపడరు. రెండు పద్ధతుల్లోనూ బాగుపడినవాళ్లని చూశాను. మీరు అడగాల్సింది ఒకటే: "మెడకి ఆపరేషన్ చేస్తే లాభమేంటి, చెయ్యకపోతే నష్టమేంటి?" బరంపురం వెళ్లినా, శ్రీకాకుళం వెళ్లినా, విశాఖపట్నం వెళ్లినా మాగ్జిలోఫేషియల్ సర్జన్‌నే, అంటే దవడ, ముఖం ఎముకల సర్జన్‌నే వెతకండి. వెళ్లేటప్పుడు సీటీ స్కాన్ సీడీ పట్టుకెళ్లండి, ఫోన్‌లో తీసిన ఫోటో కాదు.

కట్టినన్నాళ్లు తిండికి భయపడకండి. పళ్లన్నీ బిగించినా చివరి పన్ను వెనక సందు ఉంటుంది, చెంపకీ పళ్లకీ మధ్య పోసినది అక్కణ్ణుంచి లోపలికి పోతుంది. మన ఇళ్లల్లో దీనికి కావలసినవన్నీ ముందే ఉన్నాయి. చోడి (రాగి) అంబలి, పలచగా గిలక్కొట్టి వడకట్టిన పప్పు, మజ్జిగ, మెత్తగా మిక్సీ పట్టిన పొఖాళ (చద్దన్నం). గుడ్డు పాలల్లో కొట్టి ఉడికించి ఇవ్వండి, అంబలి ఒక్కటే పోస్తే మనిషి తగ్గిపోతాడు. తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్లతో పుక్కిలించాలి. తీగలతో కడితే మంచం పక్కన తీగ కత్తెర, రబ్బరు బ్యాండ్లైతే మామూలు కత్తెర, గోడకి తాడుతో కట్టి ఉంచండి. వాంతి వస్తే కోసేయాలి, డాక్టరు కోసం ఆగకూడదు. ఏది కోయాలో డిశ్చార్జి అయ్యేముందు నర్సమ్మ చేత వేలు పెట్టి చూపించుకోండి. గుట్కా, గుడాకు (పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద) అలవాటుంటే ఆ నెలా నోటికి తగలనివ్వకండి. గుట్కా నమిలేవాళ్ల చెంపలు లోపల తాడులా బిగిసిపోయి ఉంటే, కట్లు విప్పాక నోరు తెరిపించడం మాకు రెట్టింపు పని.

కట్లు విప్పిన రోజు నోరు ఒక వేలంత తెరుచుకుంటుంది, కంగారుపడతారు. ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టి, రెండు రోజులకొక పుల్ల పెంచుతూ పోవాలి. ముందు పళ్ల మధ్య నలభై మిల్లీమీటర్లకి దగ్గరగా వచ్చేదాకా. అద్దం నడుమ నిలువుగా ఒక గీత గీసి, గడ్డం ఆ గీత వెంబడే దిగేలా చూసుకుంటూ చేయించండి. ఎడమకి పోతుంటే వాడి చేత్తోనే కుడికి నెట్టుకోవాలి.

గడ్డం కింద ఆ మూడు కుట్ల మాట కూడా చెప్పేస్తాను. అవి అయిదు నుంచి ఏడు రోజుల మధ్య తీసేయాలి, ఇంకా ఉంచితే నిచ్చెన మెట్లలాంటి మచ్చ పడుతుంది. ఈలోగా ఆపరేషన్ పడితే అక్కడే తీసేస్తారు, లేకపోతే ఈ వైపు వచ్చినప్పుడు నా దగ్గర విప్పించుకోండి. నోరు తెరిపించి చూస్తాను కూడా.